దెయ్యం సినిమాలో నర్సు పిన్నిగారు

ఈ రోజు మా పిన్నిగారితో అమలాపురంలో దెయ్యం సినిమా మ్యాట్నీకి వెళ్ళాను. ఆవిడ రాజోలులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి నిరుడే రిటైరయ్యారు.

తెల్లచీర దెయ్యం నూతిలోంచి లేవగానే హాలంతా కేకలు. నేను కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వుతున్నారు.

"చచ్చిపోయినోళ్ళు అలా గెంతరమ్మా. పాపం, దుప్పటి కప్పితే కప్పించుకుంటారు."

ఇంటర్వెల్లో అడిగాను, "మీకు అసలు దేనికీ భయం లేదాండీ?"

"ఎందుకుండదూ? వార్డులో ఎవరైనా 'సిస్టర్' అని పిలిస్తే, నేను వెళ్ళేసరికి ఆలస్యమైపోద్దేమోనని ఆ ముప్పై ఏళ్ళూ రోజూ భయమే," అన్నారు, నా చేతిలోని వేరుశనగపప్పు తీసుకుంటూ.

సెకండాఫ్‌లో దెయ్యం చాలా కష్టపడింది గానీ, నాకు భయం వెయ్యలేదు.

దెయ్యం సినిమాకి నిజంగా భయపడేవాళ్ళు మీలో ఉంటే చెప్పండి. ఈసారి పిన్నిగారి పక్క సీటు మీకే ఇస్తాను.