మామయ్య గ్లైడరు కూలిన రోజు

నా చిన్నప్పుడు కోవూరులో మా ఇంటి వెనక వసారా ఎప్పుడూ వార్నీషు వాసన వేసేది. అది మా మామయ్య పని చేసుకునే చోటు. డిగ్రీ అయ్యాక సరైన ఉద్యోగం దొరక్క ఆయన మా అమ్మ దగ్గరే ఉండేవాడు. వెదురు బద్దలు సన్నగా చీల్చి, జీలుగు బెండు చెక్కి, పైన పల్చటి కాగితం అతికించి గ్లైడర్లు తయారు చేసేవాడు. గ్లైడరంటే ఇంజను లేని బొమ్మ విమానం. పొడవాటి దారం కట్టి గాలికి ఎదురుగా పరిగెత్తితే గాలిపటంలా పైకి లేస్తుంది. దారం జారిపోయాక ఇక తనంతట తానే ఎగురుతుంది. కింద నిలబడిన మనిషి చేతిలో ఒక రేడియో పెట్టె ఉంటుంది. దాని బొత్తాం నొక్కితే పైన తోక కదిలి విమానం పక్కకు తిరుగుతుంది. ఇంట్లో పాటలు వినే రేడియో ఉండటమే గొప్ప అనుకునే రోజుల్లో మా మామయ్య రేడియోతో విమానాన్ని తిప్పుతాడంటే బళ్లో ఎవరూ నమ్మేవారు కాదు.

ఈ విద్య ఆయనకు నేర్పింది నెల్లూరులో ఉండే ఒక డాక్టరు గారు. రిటైరైన పెద్దాయన. పిల్లలు లేరు. ఆదివారం చర్చి కాగానే రిక్షా కట్టించుకుని పెన్న దాటి మా ఇంటికి వచ్చేవారు. ఇద్దరూ వసారాలో కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవారు కాదు. మామయ్య మొదటి రేడియో పెట్టె కూడా ఆయన ఇచ్చిందే.

ఒక ఏడాది వేసవిలో మా ఊరి పక్క కోసిన మళ్లల్లో గ్లైడర్ల పోటీ పెట్టారు. మద్రాసు క్లబ్బు వాళ్లు కూడా వచ్చారు. వాళ్లలో ఒకాయన, అక్కడి కాలేజీలో పిల్లలకు విమానాల తయారీ నేర్పే మనిషి కోసం చూస్తున్నాడు. మామయ్య చేతిపని ఆయనకు నచ్చింది. ఎగరేయడం కూడా చూసి మాట చెబుతానన్నాడు. ఆ ఉద్యోగం మీద మా ఇల్లంతా ఆశ పెట్టుకుంది. అమ్మ ఉదయాన్నే తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేసి, అవసరం లేకపోయినా రెండోసారి కూడా చేసింది.

పోటీలో ఒక్కటే గట్టి నియమం. ఒకరి విమానం పైనున్నంత సేపు ఇంకెవరూ తమ పెట్టె స్విచ్చి వేయకూడదు. వేస్తే రెండు పెట్టెల సంకేతాలు కలిసిపోయి పైనున్న విమానం ఎవరి మాటా వినదు.

మామయ్య వంతు వచ్చింది. ఎండకు నేల వేడెక్కి, గాలి పైకి లేస్తోంది. గద్దలు తిరిగే చోటే ఆయన తన గ్లైడరునూ తిప్పాడు. అది వాటితో కలిసి మెల్లగా పైపైకి పోయింది. మద్రాసాయన టోపీ తీసి చూస్తూ నిలబడ్డాడు. నేను డాక్టరు గారి పక్కన గొడుగు నీడలో కూర్చున్నాను. తర్వాతి వంతు ఆయనదే. ఆయన కూడా తలెత్తి చూస్తూ, అలవాటు కొద్దీ తన పెట్టె ఒళ్లోకి తీసుకుని, ఏరియల్ కడ్డీ పైకి లాగి, స్విచ్చి వేశారు. మరుక్షణం పొరపాటు తెలిసి ఆపేశారు. కానీ పైన గ్లైడరు ముక్కు కిందికి వాల్చి గిరగిరా తిరుగుతూ మడి మధ్యలో పడింది. రెక్క విరిగిన చప్పుడు మా దాకా వినిపించింది.

అందరూ పరిగెత్తారు. ఏమైందని మద్రాసాయన అడిగాడు. మామయ్య ఒక్కసారి మా వైపు చూశాడు. డాక్టరు గారి చేతిలో ఏరియల్ ఇంకా ఎండలో మెరుస్తూనే ఉంది.

"నాదే తప్పు సార్. లోపల వైరు ఊడినట్టుంది. నేనే సరిగ్గా అతకలా" అన్నాడు.

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. కళ్లు సరిగ్గా కనపడటం లేదని చెప్పి తన వంతు వదులుకున్నారు. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

ఇంటికి వస్తూ దారిలో నేను ఆగలేకపోయాను. "మామా, స్విచ్చి వేసింది డాక్టరు గారే. నేను చూసినా."

"నేనూ చూసినాలే పాపా. ఎవరికీ చెప్పబాక. ఆయన కావాలని చేసినాడా ఏంది? నాకు తెలుసని తెలిస్తే ఆ పెద్దాయన తట్టుకోలేడు."

మా మామయ్యంత మంచివాడు లోకంలో లేడనుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత డాక్టరు గారు మా ఇంటికి రాలేదు. మామయ్యే అప్పుడప్పుడు నెల్లూరు వెళ్లి చూసొచ్చేవాడు. నేనూ వెంట వెళ్లేదాన్ని. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వానల గురించి, పంటల గురించి మాట్లాడుకునేవారు. విమానాల ఊసు ఎత్తేవారు కాదు. కొన్నాళ్లకు మామయ్య మనుబోలులో ఒక రైసు మిల్లులో చేరాడు. వసారాలో పని ఆగిపోయింది.

నేను హైస్కూల్లో ఉండగా డాక్టరు గారు పోయారు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య మామయ్యను పక్కకు పిలిచింది. నేను ఆయన వెనకే ఉన్నాను.

"ఆ రోజు స్విచ్చి వేసింది ఆయనేనంట గదా నాయనా. నీకు తెలుసా?"

మామయ్య తలూపాడు.

"తెలిసీ అడగలేదా? నువ్వు వచ్చినప్పుడల్లా ఈ రోజు చెప్తానే అని కూర్చునేవాడు. నువ్వేమో నలుగురిలో వైరు ఊడిందని చెప్పేస్తివి. ఇంక ఏ మొహంతో మొదలుపెట్టాలో ఆయనకు తెలియలా. ఆయనకు ధైర్యం చాల్లేదు, కాదనను. నువ్వు ఒక్క మాట అడిగుంటే ఏడ్చి, మద్రాసు పోయి తనే చెప్పుండేవాడు."

మామయ్య ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పెన్న దాటాక, "ఆయనకు మంచే చేసినాననుకున్నా పాపా" అన్నాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మామయ్యా లేడు. ఆయన మంచితనాన్ని నేను ఎన్నడూ తక్కువ చేయలేదు. కానీ ఒకరినొకరు అంతగా ఇష్టపడిన ఇద్దరు మనుషులు అన్నేళ్లు ఒకరి ముందు ఒకరు నోరు విప్పలేకపోయారే అని ఈనాటికీ గుండె కలుక్కుమంటుంది. అందుకే నావాళ్లు ఎవరైనా పొరపాటు చేస్తే చూడనట్టు ఊరుకోను. నలుగురిలో అనను కానీ, తర్వాత పక్కన కూర్చుని, "అది నీ వల్లే అయింది గదా? నాకు కోపం లేదు, చెప్పు" అంటాను. కొందరు ఏడుస్తారు, కొందరు విసుక్కుంటారు. ఆ కాసేపు ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది. అయినా అడుగుతాను.