నాన్న కాలి మీద చెయ్యి

దెయ్యాల కథలు చెప్పే పిల్లల్ని బెంచీ ఎక్కించే టీచర్ని నేను. అరకు దగ్గర మా ఊరి బడిలో సైన్సు చెబుతాను. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. విశాఖలో రెండోసారి కీమో ఎక్కించుకుని బస్సులో ఘాట్ రోడ్డెక్కి వచ్చాం. మర్నాటికి ఎడమ పిక్క వాచింది, ముట్టుకుంటే వేడి. అన్ని గంటలు కాళ్లు వేలాడేసి కూర్చున్నందుకే అనుకున్నాను. కాలు వాస్తే వెంటనే రమ్మని ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితం నా బ్యాగులోనే ఉంది. చదివాను కూడా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే నా సంగతి.

పక్కింటి పిన్ని కొండవతలి ఊరి నుంచి ఒక ముసలావిడను పిలిపించింది. బెణుకులకీ వాపులకీ నూనె రాసి కాళ్లూ చేతులూ పడుతుంది. రెండు కళ్లూ కనిపించవు, అంతా చేతి స్పర్శే. మా ఇంటికి రావడం అదే మొదలు.

పట్టపగలు. నేను నూనె వెచ్చచేసి ఇచ్చాను. ఆవిడ చేతులకు రాసుకుని నాన్న పిక్క మీద వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఎవులమ్మా కాలు పట్టుకున్నారు? సెయ్యి తీయండి" అంది.

నేనూ పిన్నీ మంచానికి దూరంగా నిలబడి ఉన్నాం. ఎవరూ లేరని చెప్పాం. ఆవిడ మళ్లీ మెల్లగా తడిమింది. ఆడమనిషి చెయ్యే అంది.

"సిటికెనేలు సగమే ఉంది. ఈ కాలు నాను పట్టను."

లేచి వెళ్లిపోయింది.

మా అమ్మకు చిటికెన వేలు సగమే ఉండేది. చోళ్లు కోస్తుంటే కొడవలికి తెగింది. అమ్మ పోయి ఏడేళ్లు. ఆ వేలి గురించి ముసలావిడకు తను ఏమీ చెప్పలేదని పిన్ని ఒట్టేసింది.

నాకు భయం వేసింది. ఆ భయంతోనే కారు మాట్లాడి నాన్నను విశాఖ తీసుకెళ్లాను. స్కానింగులో కాలి రక్తనాళంలో రక్తం గడ్డ కనిపించింది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు రక్తం తొందరగా గడ్డకడుతుందట. కాలు గానీ పిసికారా అని డాక్టరమ్మ ముందు అదే అడిగింది. పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడొచ్చట, అక్కడికక్కడే ప్రాణం పోవచ్చట. పొట్టకు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాన్న ఇంకో కాఫీ కోత చూసి పోయాడు.

దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఇది మామూలు వాపు కాదని ఆవిడ చేతులకు తెలిసి తప్పించుకుందేమో అనుకున్నాను. మరి వేలి సంగతో?

ఆ నెలలన్నీ, నాన్న నిద్రపోయాక, ఆ పిక్క మీద చెయ్యి ఆనించి కూర్చునేదాన్ని. అమ్మ కోసమే. ఎన్నిసార్లు ఆనించినా నా చేతికి నాన్న కాలే తగిలింది.