సాలెపురుగుకు స్టే ఇచ్చిన టీచరమ్మ

నాంపల్లి స్టేషన్ వెనుక సందులోని మా పాఠశాలలో ఒకటో తరగతి చెప్పిన టీచరమ్మ సోమవారం ఉదయం దవాఖానలో కన్నుమూశారని విచారంతో తెలియజేసుకుంటున్నాను. ఆమెను గురించి రాయడానికి నాకు రెండు అర్హతలున్నాయి. పక్కగదిలో సైన్సు బోధించాను. ఆమెను చూసి అసూయపడ్డాను. రెండో విధికి నేనెన్నడూ సెలవు పెట్టలేదు.

రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రం ఏర్పడిన కొత్తలో గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చినవాణ్ని. జంతుశాస్త్రంలో పట్టా గలవాణ్ని. అబిడ్స్‌లో గీయించి తెచ్చిన సాలెపురుగు పటం నా గదిలో వేలాడేది. దాని ఎనిమిది కాళ్లూ సక్రమంగా ఉండేవి. ఎదుట పిల్లలు కూడా సక్రమంగా నిద్రపోయేవారు. నవ్వులు మాత్రం గోడకు అవతల.

విచారించగా తేలినది ఇది. ఆమె గది మూలన సాలెపురుగు గూడు కట్టింది. చప్రాసీ బూజుకర్ర ఎత్తగానే ఆమె అడ్డుపడ్డారట.

“ఆగు బిడ్డా! విచారణ లేకుండ ఇల్లు కూలగొడ్తవా?”

ఆ తరగతిలో సగంమంది నాంపల్లి కోర్టు గుమాస్తాల సంతానం కనుక న్యాయస్థానం ఏర్పడడానికి ఆలస్యం కాలేదు. నల్ల శాలువా కప్పుకొని ఆమె జడ్జి. తీర్పు వచ్చేదాకా గూడు కదపరాదని స్టే. ప్రతి శనివారం వాయిదా. మొదట ఆమె పైకి చూసి మెల్లగా ఏదో అనేవారట. గోడకు చెవి ఆనించినా నాకు అందేది కాదు. వెంటనే నవ్వులు.

ఒక శనివారం నన్ను సాక్షిగా పిలిపించారు. వెళ్లేసరికి వాదన సాగుతోంది. సాలెపురుగు తరఫు వకీలు, మా దురదృష్టం, మా అమ్మాయే.

“ఏందమ్మా, నీ క్లయింటు కిరాయి కడ్తుందా?”

“ఔ టీచరమ్మా! దినాం దోమలు పట్టి కడ్తుంది.”

“మరి దారం ఏడ దొంగిలించింది?”

“దొంగతనం కాదు! దాని కడుపులకెల్లే తీస్తది.”

నేను నిలబడి, సాలెపురుగు కీటకం కాదని నిరూపించడం ప్రారంభించాను.

“సాక్షి సారు, జర ఆపుండ్రి. ముద్దాయికి నిద్రొస్తున్నది.”

అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మాయి. నన్ను చూసి నవ్వినందుకు నాకు ఫిర్యాదు లేదు. అటువంటి నవ్వు ఒక్కటి నా వల్ల రావాలని ఇంట్లో ఎన్నాళ్లుగానో ప్రయత్నిస్తున్నాను, ఫలితం శూన్యం.

రహస్యం ఏమిటని ఒకనాడు అడిగేశాను. “పిల్లలు భయమైతే పురుగును చెప్పుతోని కొడ్తరు సారూ. నవ్వొస్తే కూసొని చూస్తరు,” అన్నారు. ఇంత చిన్న సంగతి నాకు తోచనందుకు ఆ పూట చాయ్ కూడా రుచించలేదు.

నిన్న మా ఇంట్లో మూలనున్న సాలెగూటి మీదికి మా ఆవిడ బూజుకర్ర ఎత్తింది. సోమవారం నుంచి సరిగా మాట్లాడని మా అమ్మాయి చేతులు చాచి అడ్డం నిలిచింది.

“అమ్మా, స్టే ఉన్నది!”

“ఎవరిచ్చారే? ఏవండీ, మీరైనా చెప్పండి.”

అమ్మాయి నావైపు తిరిగింది. “ఇప్పుడు జడ్జి ఎవరు నాన్నా?”

నేను మా ఆవిడ శాలువా తీసి కప్పుకొని కుర్చీలో కూర్చున్నాను. గంభీరంగా గొంతు సవరించుకున్నాను. అమ్మాయి నవ్వలేదు.

“అట్ల కాదు నాన్నా. టీచరమ్మ ముందు దాన్ని అడుగుతరు.”

“ఏమని?”

“తిన్నవా బిడ్డా, అని.”

గోడ అవతల నాకు వినబడనిది అదన్నమాట. పోయిన తరువాత కూడా ఆమెదే పైచేయి. నేను తలెత్తి, గుంటూరు గొంతుతో అడిగాను.

“తిన్నవా బిడ్డా?”

మా ఆవిడ బూజుకర్రను గోడకు ఆనించింది. ఒక్క పోగు పట్టుకొని సాలెపురుగు మెల్లగా మా ముగ్గురి మధ్యకు దిగింది. అమ్మాయి నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.