ఇంటి వేరు, కొట్టు బిళ్ళ

1968లో నేను పలాసలో ఒక మెడికల్ షాపులో కాంపౌండర్‌ని. డాక్టరు రాసిన మందు కట్టి ఇచ్చి, వాడే విధం చెప్పడం నా పని. మా తాతగారి నాడు ఎనిమిది ఊళ్ళు మావి. నా నాటికి మిగిలినవి ఒక అరుగూ, ఒక ఆచారమూ. మహేంద్రగిరి కొండల నుంచి సవర గిరిజనులు తెచ్చే సర్పగంధి వేరును దంచి, తలతిప్పుకూ నిద్రలేమికీ ఆదివారం పొద్దున్నే ఉచితంగా ఇచ్చేవాళ్ళం. పొట్లాలు ఇచ్చేది మా అమ్మ.

జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే సూరమ్మకు బ్లడ్ ప్రెషర్, అంటే రక్తపోటు. డాక్టరు రిసర్పిన్ బిళ్ళలు రాశారు. భర్త అప్పన్న నెలనెలా వచ్చి పట్టుకెళ్ళేవాడు. మూడో నెల అతని ముఖం వాడిపోయి ఉంది.

"బాబూ, మా ఇంటిది నవ్వడం మానీసినాది. కార్ఖానాలో అందర్నీ ఏడిపించీ మనిషి! ఇప్పుడు కూకున్నకాడ్నించి నెగిత్తే కళ్ళు తిరిగి పడిపోతంది. నిన్న, 'నానెందుకు బతకడం' అన్నాది."

"ఇంకేదైనా మందు వాడుతోందా?"

"నేదు బాబూ," అన్నాడు తల దించుకుని.

ఆ ఆదివారం అమ్మకు జ్వరం. అరుగు మీద నేను కూర్చున్నాను. వరసలో అప్పన్న!

"సూరమ్మకేనండి. మూడు నెలలై అమ్మగారే ఇత్తన్నారు."

పొట్లం నా చేతిలోనే ఉండిపోయింది. రిసర్పిన్ ఆ వేరులో ఉండే మందే. ఒకే మందు రెండు దారుల్లో ఆమె ఒంట్లోకి వెళ్తోంది. మోతాదు మించితే రక్తపోటు బాగా పడిపోతుంది, మనసు కుంగిపోతుంది.

"మొన్న లేదన్నావేం?"

"కొట్టుకాడ నలుగురున్నారు బాబూ. ఇక్కడ మీరు దొరవారు, అక్కడ జీతానికి పొట్లాలు కడతన్నారు. అక్కడ ఈ ఇంటి మాటెత్తితే మీకు నామోసీ గదా."

నిజమే. షాపులో ఎవరైనా మా ఇంటి ఊసెత్తితే నేను ముఖం తిప్పుకొనేవాణ్ణి. ఊరందరికీ అది తెలుసు.

అప్పటికప్పుడు అతనితో డాక్టరుగారి ఇంటికి నడిచి, తప్పు మా ఇంటిదని చెప్పాను. ఆయన రెండూ ఆపించి వేరే మందు రాశారు. ఆమెను ఒంటరిగా వదలవద్దన్నారు. తేరుకోవడానికి వారాలు పట్టింది.

ఒకనాడు సూరమ్మే షాపుకొచ్చింది. జనం మధ్య నిలబడి, "దొరబాబూ! ఏరూ మీదే, బిళ్ళా మీదే. మీలో మీరు ఒక మాట సెప్పుకోనేదేటి?" అంది.

అందరూ నవ్వారు. కాసేపటికి నేనూ నవ్వాను.

ఆనాటి నుంచి అరుగు మీద డాక్టరు చీటీ అడగనిదే పొట్లం ఇవ్వలేదు. షాపులో రక్తపోటు చీటీ ఎవరు తెచ్చినా, నలుగురికీ వినబడేలా ముందు అడిగేవాణ్ణి: "మా ఇంటి వేరు వాడుతున్నారా?"