గురి కుదరని మధ్యాహ్నం

మా చెల్లెలు కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడుతుంది. ఆటకు ముందు మౌస్‌ను ప్యాడ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో లాగి చూసుకుంటుంది. చెయ్యి ఎంత కదిలితే తెర మీద గురి ఎంత కదలాలో చెప్పే అంకె ఒకటుంటుందట, సెన్సిటివిటీ అంటారు. దాన్ని కాస్త పెంచి, కాస్త తగ్గించి, మళ్లీ లాగుతుంది. మా చర్చి సంఘంలో పాట ఎత్తుకునే ముందు తబలా శ్రుతి చేసే అన్నకు కూడా అంత ఓపిక లేదు.

ఆ శనివారం ఆ అంకె తన మాట వినలేదు.

నాలుగింటికి పోటీ. ఇంట్లో కూర్చునే, నెట్‌లో ఆడాలి. ఆ రోజు సరిగా ఆడకపోతే తన చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తామని జట్టు నాయకురాలు ముందే చెప్పింది. మా ముత్తుకూరు లాంటి చిన్న ఊళ్లో ఉండే పిల్లకు అలాంటి జట్టు మళ్లీ దొరకదు. నాకు ఆ ఆట నచ్చదు. సండేస్కూల్లో పిల్లలకు శత్రువును ప్రేమించమని చెప్పి, ఇంటికొచ్చి అది చూడలేను. అయినా ఆ మధ్యాహ్నం తన ముఖం పాలిపోయి ఉంటే నాకు అన్నం దిగలేదు.

"అక్కా, ఇట్రా. నేను ఎడంపక్కకి లాగితే అది పైకి ఎగరతా ఉండాది చూడు."

"అంకె తగ్గించు."

"తగ్గించినా. మొద్దులాగా నిలబడిపోతా ఉండాది. పెంచితే దయ్యం పట్టినట్టు గెంతతా ఉండాది."

"ఇంట్లో ఆ మాట అనబాకు."

చెల్లెలు మౌస్‌లోని సెట్టింగు చూసింది, ఆటలోని సెట్టింగు చూసింది. రోడ్డు మీది లారీల దుమ్మేమోనని ప్యాడ్ తుడిచింది. మార్పు లేదు. అంతలో అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంది మ్మే, ఇంకా కుదర్లేదా? పొద్దున్నే ప్రార్థన చేసినా గదా."

"నువ్వు ప్రార్థన చేస్తే సెట్టింగు మారతాదా మా?"

"ఊరికే చేసినానా? నూనె గూడా రాసినా."

సంఘంలో ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. కొత్త బండి హ్యాండిల్‌కు, పరీక్ష పెన్నుకు, ఆఖరికి మిక్సీకి కూడా అమ్మ ఆ నూనె రాయందే వాడనివ్వదు.

"యాడ రాసినావు?" చెల్లెలు మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది.

"పైన రాస్తే నీకు చెయ్యి జారతాదని కింద రాసినా. ఎర్ర లైటు వెలిగే గుంటలో. అదే గదా దాని కన్ను. బాగా కనపడాలని రెండు బొట్లు ఎక్కువే పోసినా."

మౌస్ తిరగేశాం. గుంట నిండా నూనె.

చెల్లెలు దూది అందుకుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ప్రార్థించిన నూనె మ్మే. తుడవకూడదు."

"అక్కా, వాక్యం చదువుకున్నదానివి గదా, చెప్పు!"

రోగులకు నూనె రాయమని బైబిల్ వాక్యంలో ఉంది. దేవుని గుడారంలోని పాత్రలకు రాసినట్టూ ఉంది. తుడవడం గురించి నాకు ఎవరూ చెప్పలేదు. గడియారం చూశాను.

"మా, పని జరగాలనే గదా రాసినావు. జరగనీకుండా అడ్డం పడితే తుడిచెయ్యొచ్చు."

అమ్మ తన చెయ్యి వదిలింది. "అయితే ఆ దూది తొక్కేచోట పారెయ్యబాకండి. పొయ్యిలో వేస్తా."

తుడిచి, ఆరబెట్టి, పాత అంకె పెట్టేసరికి పోటీ మొదలైంది. అమ్మ కుర్చీ వెనకే పెదవులు కదుపుతూ నిలబడింది. తను ఎలాంటి ఆటకు నూనె రాసిందో అప్పుడే మొదటిసారి చూస్తోంది. తెర మీద ఒకడు కూలాడు.

"చచ్చిపోయినాడా?" అంది అమ్మ. "ఎవరు కన్న బిడ్డో పాపం."

ఇటు చెల్లెలి జట్టులో తనొక్కతే మిగిలింది, అటు ఒక్కడు మిగిలాడు. ఇక అమ్మ ఆట ఆపించేస్తుందని నేను భయపడుతున్నాను.

"మ్మే! ఆ తలుపు ఎనకాల నక్కినాడు! ఎయ్యి వాణ్ణి, ఎయ్యి!"

శుక్రవారమంతా ఉపవాసముండే మా అమ్మ గొంతే అది. చెల్లెలు గిర్రున తిరిగి కాల్చింది. హెడ్‌ఫోన్లో అరుపులు నాకూ వినిపించాయి. జట్టులో తన చోటు నిలిచింది.

"వెనకాల ఆ కోచ్ ఎవరు?" అని నాయకురాలు అడుగుతోందట.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తన వైపే చూస్తున్నాను. తను మాత్రం నా వైపు చూడలేదు.