గొడుగు గుర్రానికి పదికి పది

మొన్న ఆదివారం నేను ఒకడిని ఓడిద్దామని సైనిక్‌పురి వెళ్ళాను. ఊరికే కాదు, వారం రోజులు ప్రాక్టీసు చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చూడటానికి మా ఆవిడని కూడా వెంటబెట్టుకుని మరీ వెళ్ళాను. ఓడటం వేరు, పరువు పోవడం వేరు. నాకు జరిగింది ఈ రెండూ కాదు. వినండి, మీరే ఏదో ఒక పేరు పెడుదురుగాని.

మేం ముగ్గురం. నేను, ఖలీల్, ప్రతాప్. ఎనభైల్లో సికింద్రాబాద్‌లో ఒకే కాలేజీ, ఒకే బెంచీ. ఖలీల్‌కి కళ్ళద్దాల షాపుంది. నేను బేగంపేటలో ఆఫీసు ఉద్యోగం వెలగబెట్టి కిందటేడు రిటైరయ్యాను, ఇల్లు పద్మారావు నగర్. ప్రతాప్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాడు, ఇప్పుడు సైనిక్‌పురిలో సొంత ఇల్లు. ఆదివారం పదింటికి అక్కడ చేరతాం. మేం కాలేజీలో ఉన్నప్పటి రాక్ ఆల్బమో పాప్ ఆల్బమో ఒకటి మొదటి నుంచి చివరిదాకా వింటాం. మధ్యలో మాట్లాడకూడదు. తర్వాత పదికి ఎన్ని మార్కులో, ఎందుకో చెప్పాలి. ఖలీల్ ఒక పొడుగు నోట్‌బుక్‌లో పెన్నుతో రాసి సంతకం పెట్టిస్తాడు. ఒకసారి రాస్తే కొట్టివేతలు లేవు. ఈ రూలు నా వల్లే వచ్చింది. ప్రతాప్ మాట్లాడటం పూర్తయ్యాక నా ఎనిమిదిని ఆరు చేయమని మూడు వారాలు వరసగా అడిగానట.

దాచేదేముంది, ప్రతాప్ అంటే నాకు కుళ్ళు. అరవై దాటినా తలమీద జుట్టంతా అలాగే ఉంది. ఇంట్లో గోడంతా ఎల్పీ రికార్డులు. వాటిని మెత్తటి గుడ్డతో తుడిచే తీరు చూస్తే పసిపిల్లకు స్నానం చేయిస్తున్నాడేమో అనిపిస్తుంది. మేం ఏడు, ఎనిమిది అని మార్కులేస్తే వాడు సిక్స్ పాయింట్ సెవెన్ ఫైవ్ అంటాడు. ఆ పాయింట్ సెవెన్ ఫైవ్ ఎక్కడ తెస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కానీ అనగానే ఖలీల్ 'వాహ్' అంటాడు. ఒకసారి మా సుజాత వచ్చి వాడి మాటలు విని, దారంతా "ప్రతాపన్న ఎంత మంచిగ చెప్తడండీ, పాట మన ముందర నిలబడ్డట్టుంటది" అంది. ఆ రోజు నేను రెండు సిగ్నళ్ళు చూసుకోకుండా దాటేశాను.

ఇది చాలదన్నట్టు వాడికో గిటార్ కథ ఉంది. కాలేజీ రోజుల్లో క్వార్టర్స్ కుర్రాళ్ళతో బ్యాండ్ పెట్టాడట, సొంతంగా ఇంగ్లీషు పాట కట్టాడట. మరి వినిపించరా అంటే ఒకటే జవాబు. "ఒక్కటే క్యాసెట్ ఉండె. కాపీలు తియ్యమని షాపుల ఇచ్చిన, షాపు బంద్ అయింది, క్యాసెట్ పాయె." మేం అయ్యో అని తలూపేవాళ్ళం. ఇంటికొచ్చాక నేను సుజాతతో "అంతా కోతలు, బ్యాండూ లేదు బొంగరమూ లేదు" అనేవాడిని. అలా అన్నాక రాత్రి హాయిగా నిద్ర పట్టేది.

అసలు సంగతికొస్తా. రెండు వారాల కింద ప్రతాప్ 'గొడుగు గుర్రం' రికార్డు పెట్టాడు. మాకు ఆల్బమ్‌ల పేర్లకంటే అట్టలే గుర్తు. గొడుగు పట్టుకున్న గుర్రం బొమ్మ ఉంటుంది దానిమీద. నాకు ప్రాణం అది. ముఖ్యంగా చివరి పాట. ఒక్క గిటార్, ఒక్క గొంతు, అంతే. నలభై ఏళ్ళుగా నా స్నానం ఆ పాట లేకుండా అవలేదు. కళ్ళు మూసుకుని దాని కోసమే కూర్చున్నాను. ఏదో పియానో పాట అయింది. టక్కున ముల్లు లేచిపోయింది.

"ఇంకో పాట ఉండాలె కదా?" అన్నాను.

"లేదు. ఇదే లాస్ట్," అన్నాడు ప్రతాప్.

"ఉంది. గిటార్ పాట. నా క్యాసెట్‌ల ఉంది."

"నర్సింగ్, ఈ రికార్డు నా దగ్గర ముప్పై ఏండ్ల సంది ఉన్నది. గిట్లాంటి పాటేం లేదు."

అప్పుడు నా నోట్లోంచి ఒక అబద్ధం పుట్టింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, చక్కగా తలదువ్వుకుని వచ్చింది. "నీది ఇక్కడ తయారైన రికార్డురా. మన దగ్గర ఒక పాట కోసేసిన్రు. ఫారెన్ దాంట్లనే పూర్తిగ ఉంటది. నాది ఫారెన్ దాని నుంచి ఎక్కించిన క్యాసెట్."

ఖలీల్ నోరు తెరిచాడు. "ఇన్నేండ్లు చెప్పకపోతివి భాయ్."

ప్రతాప్ రికార్డు అట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి మెల్లగా "నాకు తెల్వదు" అన్నాడు. ఆ రెండు మాటల కోసం నేను నలభై ఏళ్ళు ఎదురుచూశాను. అప్పటికప్పుడు ఇంకో కప్పు చాయ్ అడిగి తాగాను.

వచ్చే ఆదివారం క్యాసెట్ తెస్తానని మాటిచ్చాను. ఇంటికి రాగానే సజ్జ మీది పెట్టెలన్నీ దించాను. మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, అప్పట్లో మాకు రికార్డులు కొనే తాహతు లేదు. క్లాక్ టవర్ దగ్గర సందులో ఒక రికార్డింగ్ షాపుండేది. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఏ ఆల్బమ్ కావాలో చెబితే, వారానికి ఎక్కించి ఇచ్చేవాడు. నా గొడుగు గుర్రం అలా వచ్చిందే. ఫారెనూ లేదు ఏమీ లేదు. దొరికేసరికి టేపు వదులై బయటికి వేలాడుతోంది. పెన్సిల్ దూర్చి గంటసేపు చుట్టాను. పాత టేప్ రికార్డర్‌కి బెల్టు మార్పించాను. అద్దం ముందు నిలబడి ఏం మాట్లాడాలో నాలుగుసార్లు చెప్పుకున్నాను. సుజాతని రమ్మంటే "నాకెందుకండీ ఆ ఇంగ్లీషు లొల్లి" అంది. "ఈసారి చెప్పేది నేను" అన్నాను. పాపం, వచ్చింది.

అలా మొన్న ఆదివారం. నేను లేచి నిలబడ్డాను. మామూలుగా విన్నాక మార్కులు. నేను మాత్రం వినకముందే నోట్‌బుక్ లాక్కుని పదికి పది వేసి, కారణం కూడా నా చేత్తోనే రాసి సంతకం పెట్టేశాను. ఇంతవరకు మాలో ఎవరూ దేనికీ పది ఇవ్వలేదు. తర్వాత ఉపన్యాసం మొదలుపెట్టాను.

"చివర్ల ఒక రైలు కూత వస్తది, జెర మంచిగ వినుండ్రి. రైలంటే ఎడబాటు. దాని తర్వాత మూడు విజిళ్ళు. అది ఫ్యాక్టరీ. అక్కడి కార్మికుల బతుకంతా ఆ మూడు విజిళ్ళల్ల పెట్టిండు. మన దిక్కు వాళ్ళకు ఇసొంటి ఆలోచన పుట్టదు."

ఆ ఆఖరి మాట ప్రతాప్ కళ్ళలోకి చూస్తూ అన్నాను. టేపుని చివరి పాట దగ్గరికి తిప్పి మీట నొక్కాను.

గిటార్ మొదలైంది. ప్రతాప్ సోఫాలో ముందుకు జరిగాడు. గొంతు వచ్చింది. ప్రతాప్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. తగిలింది దెబ్బ అనుకున్నాను. వాడి ముఖంలో ఒక్కో రంగూ పోతుంటే నాకు కడుపు నిండిపోతోంది. సుజాత వైపు చూశాను, నన్ను చూస్తోందేమో అని. ఆమె ప్రతాప్‌ని చూస్తోంది. వాడి పెదాలు కదులుతున్నాయి. నలభై ఏళ్ళలో నాకు ఒక్క ముక్క అర్థం కాని ఆ ఇంగ్లీషు, టేపులో రాకముందే వాడి పెదాల మీదికి వస్తోంది.

"మీకు మాటలు సుత వస్తయా అన్నా?" అంది సుజాత.

వాడు చెయ్యెత్తి వినమన్నాడు. రైలు కూసింది. ఒక విజిల్, రెండు, మూడు. టేపు ఆగిపోయింది.

"నాలుగోది రాకముందే రికార్డింగ్ ఆపేసిన," అన్నాడు ప్రతాప్. "అది ఫ్యాక్టరీ కాదురా నర్సింగ్. మా అమ్మ పప్పుకు పెట్టిన కుక్కర్. మా క్వార్టర్ ఎనక పట్టాలు ఉండె కదా, రైలు ఆడికెల్లి పోయేది."

నేనైతే ఇంకా నిలబడే ఉన్నాను, కూర్చోవడం గుర్తురాలేదు. ముందుగా తేరుకున్నవాడు ఖలీల్. "అరే, ఆ క్లాక్ టవర్ షాపాయన క్యాసెట్‌ల జాగ మిగిలితే చేతికి దొరికింది నింపేటోడు కదా. నా గజల్స్ క్యాసెట్ చివర్ల పురుగుల మందు అడ్వర్టైజ్‌మెంట్ వచ్చేది. నీ దాంట్ల కాపీలకని ఇచ్చిన వీని పాట నింపిండు."

ప్రతాప్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అమ్మ పోయి పదేళ్ళయింది, ఆ కుక్కర్ మళ్ళీ వింటాననుకోలేదు అన్నాడు. వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "ఇన్నేండ్లు పాణం లెక్క దాచినవురా" అన్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. అదే సమయంలో, ఏడుస్తున్నప్పుడు కూడా వీడి జుట్టు చెదరలేదేమిటా అని కూడా అనిపించింది. ఏం చేయను, నా బుద్ధి అంత.

ఇంతలో ఖలీల్ నోట్‌బుక్ తీశాడు. కళ్ళద్దాలు సవరించుకుని, షాపులో అక్షరాల బోర్డు చదివించేటంత గట్టిగా చదివాడు. "నర్సింగ్ రావు. పదికి పది. కారణం, ఇటువంటి గొంతు మళ్ళీ పుట్టదు. ఇది విన్నాక మిగతావాళ్ళంతా పాడటం మానేయవచ్చు. సంతకం."

"అది ఆల్బమ్‌కి వేసింది," అన్నాను.

"కింద బ్రాకెట్ల 'చివరి పాట కోసమే' అని రాసినవ్ భాయ్."

కొంచెం తగ్గించుకుంటానన్నాను. రూలు గుర్తుచేశాడు. సుజాత మాత్రం మెల్లగా "పెండ్లయిన కొత్తల మీరు నాకు మేడ మీద పాడింది ఇదే కదండీ?" అంది. అక్కడున్న ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను కిటికీలోంచి చెట్టు చూశాను.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఖలీల్ ఊరుకోక "నువ్వెంత ఇస్తవ్ ప్రతాప్?" అన్నాడు. ప్రతాప్ ఇంకోసారి టేపు వెనక్కి తిప్పి విన్నాడు. కళ్ళు మూసుకుని, బుద్ధిగా ఆలోచించి, "నడుమ గిటార్ శ్రుతి పోయింది. గొంతు పచ్చిగున్నది. సిక్స్ పాయింట్ సెవెన్ ఫైవ్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగా మండిపోయింది. "నీకేం తెల్సురా ఆ పాట గురించి?" అన్నాను. "నలభై ఏండ్ల సంది వింటున్న నేను. ఆ శ్రుతి పోయిన కాడనే అందమంతా ఉన్నది. పదికి తక్కువ అన్నవంటే మర్యాద దక్కదు." ఖలీల్ నవ్వీ నవ్వీ సోఫా మీంచి కిందికి జారాడు. ప్రతాప్ పాపం భయపడి సెవెన్ చేశాడు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, నేను స్నానం నిశ్శబ్దంగా చేస్తున్నాను. మొదటి రోజు చప్పుడు లేదని సుజాత కంగారుపడి తలుపు కొట్టింది. ప్రతాప్ ఆ పాటని ఫోన్లోకి ఎక్కించి అందరికీ పంపాడు. సుజాత దాన్ని రింగ్‌టోన్‌గా పెట్టుకుంది, అందరికీ కాదు, ఒక్క నంబరుకే. నేను కూరగాయల మార్కెట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా ఇంట్లో ప్రతాప్ పాడతాడు. వెంటనే ఎత్తవచ్చు కదా అంటే, "కుక్కర్ విజిళ్ళ దాకా విననీయండి" అంటుంది.