మొదటి బ్లాకు నంబరు

మొన్న ఉదయం కృష్ణపట్నం రోడ్డులో నా స్కూటరుకు ముందు రొయ్యల లారీ ఒకటి వెళుతోంది. వెనక తలుపు సందుల్లోంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. ఆ చల్లటి నీచు వాసన ముఖానికి తగలగానే సుగుణక్క గుర్తుకొచ్చింది. ఆమె గుర్తుకొస్తే నాకు ముందు కలిగేది సిగ్గు.

నెల్లూరులో మాదొక చిన్న కంప్యూటర్ ఆఫీసు. రొయ్యల గుంటల్లో ఏ సీడు (రొయ్య పిల్లలు) వేశారో, ఏ మేత పెట్టారో, మందుల పరీక్షలో ఏం తేలిందో రైతులు బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేయించేవారు. ఒకసారి రాస్తే ఎవరూ చెరపలేని పుస్తకం లాంటిది అది. అందులోంచి వివరాలు బయటికి తీసి, కొనేవాళ్లు చదవగలిగే పట్టికగా మార్చడం మా పని. నేను చేరేనాటికి నాకు మౌసు పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేయడం, టూల్ ఇన్‌స్టాల్ చేయడం, సెట్టింగుల ఫైలు రాయడం, అన్నీ సుగుణక్కే పక్కన కుర్చీ వేసుకుని నేర్పింది. "కంప్యూటరు నిన్ను తిరిగి అడగదు పాపా. తప్పు చెప్పినా చేసేస్తాది" అనేది.

నేను ఒంటరిగా చేసిన మొదటి ప్రాజెక్టులో, ఆ పుస్తకంలో ఏ బ్లాకు, అంటే ఏ పేజీ నుంచి వివరాలు తీయాలో ఫైల్లో ఒక నంబరు ఇవ్వాలి. మా రైతుల గుంటల నమోదు మొదలైన బ్లాకును వెతికి పట్టుకోవాలి. విసుగు పుట్టించే పని. టూల్‌తో వచ్చిన నమూనా ఫైల్లో ఉన్న నంబరునే అట్లా ఉంచేశాను. తప్పని చెప్పే ఎర్ర అక్షరాలేవీ రాలేదు. పట్టిక నిండింది.

"మొదటి నంబరు సరిచూసినావా?" అని అడిగింది అక్క.

"చూసినానక్కా."

ఆమె మళ్లీ అడగలేదు.

కొన్నాళ్లకు పెంచలయ్య అనే రైతు కాగితాల సంచితో ఆఫీసుకు వచ్చాడు. "రొయ్యలు పట్టి ఐసులో పెట్టినాక, నా పరీక్ష వివరం కనపళ్లేదని కొనేవాళ్లు వద్దంటున్నారమ్మా. నేను శాంపిలు ఇచ్చినాను గదా!"

అక్క పట్టికంతా వెతికింది. ఆయన పేరు లేదు. నా వైపు తిరిగింది. "మొదటి నుంచీ తీసినావు గదా?"

తల ఊపాను.

"ఇందులో లేదంటే మీరు ఇవ్వలేదనే అర్థం పెంచలయ్యా. ఊరికే ఇచ్చినానని అనొద్దు" అంది అక్క.

ఆయన ముఖం చిన్నబోయింది. "ఈ వయసులో అబద్ధమెందుకు చెప్తానమ్మా" అని వెళ్లిపోయాడు.

అక్క భోజనానికి లేవగానే అసలు నంబరు వెతికి, మార్చి, మళ్లీ నడిపించాను. నేను ఉంచేసిన నంబరు చాలా తర్వాతిది, దానికి ముందు రాసినవేవీ పట్టికలోకి రాలేదు. ఇప్పుడు ఆయన పేరు మూడో వరుసలోనే ఉంది. అక్కతో చెప్పాలనే అనుకున్నాను. సాయంత్రం దాకా అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఆమె ఏదో పని మీద నా కంప్యూటరు ముందు కూర్చుని, పైకి బాణం మీట నొక్కింది. నేను కొట్టిన కమాండ్లు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. నంబరు వెతికిన కమాండు ఆ మధ్యాహ్నానిదొక్కటే ఉంది.

అక్క లేచి స్కూటరు తాళం తీసుకుంది. "పద."

పెంచలయ్య అప్పటికే రొయ్యల్ని ఊళ్లో వ్యాపారికి, అతను అడిగిన తక్కువ ధరకే ఇచ్చేశాడు. అక్క ఆయన వాకిట్లో నిలబడి చేతులు జోడించింది. "తప్పు మాది. మీరు నిజమే చెప్పినారు. నేనే నోరు జారినాను."

"అట్లనొద్దమ్మా" అంటూ ఆయన కంగారుగా లేచాడు. మాట్లాడవలసిన దాన్ని నేను. నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

తిరుగుదారిలో రైలు గేటు దగ్గర ఆగినప్పుడు అక్క వెనక్కి తిరగకుండానే అంది: "నంబరు ఎవురికైనా తప్పు పోతాది. ఆ మనిషిని అబద్ధాలోడని నా నోటితో అనిపించినావే."

అంతే. మరునాడు ఎప్పటిలా నా పక్కనే కుర్చీ వేసుకుని పాఠం చెప్పింది. ఆఫీసు యజమానితో "మా పొరపాటు" అందే తప్ప నా పేరు ఎత్తలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లకు నేనే నేర్పుతున్నాను. మొదటి బ్లాకు నంబరు దగ్గర నేను పెట్టే పట్టుదల చూసి, మేడమ్‌కు పని మీద ఎంత శ్రద్ధో అనుకుంటారు. నేను కాదనను.

సుగుణక్క ఉద్యోగం మానేసి బిట్రగుంటలో ఉంటోంది. ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేస్తాను. ఆరోగ్యం, పని, పిల్లలు, అన్నీ మాట్లాడుకుంటాం. మాటలు అయిపోయాక ఆమె వెంటనే ఫోన్ పెట్టేయదు. కాసేపు ఊరుకుంటుంది. ఆ కాసేపు, నేను అప్పుడు చెప్పని మాట కోసమేనని తెలుసు. ఏటా "ఉంటానక్కా" అని నేనే పెట్టేస్తాను.